ముప్పయ్యో ఆకు

చినుకు ఏడుపు మానేసి ఇరవై ఒక్క రోజులైంది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ సంబరం తలచుకుంటే లిఫ్టు మెకానిక్‌కి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ముందు తనమీద, తర్వాత మిగతా అందరిమీద.

చినుకు అతని కూతురు, ఏడేళ్లది. అసలు పేరు స్కూలు రిజిస్టరులో భద్రంగా ఉంది, ఇంట్లో దాన్నెవరూ వాడరు. చప్పుడు లేకుండా కళ్లలో నీళ్లు వచ్చేస్తాయి కాబట్టి చినుకు. నాలుగేళ్ల కొడుకు ఏడిస్తే నాలుగిళ్ల అవతలికి వినపడుతుంది కాబట్టి వాడు ఉరుము. పేర్లు పెట్టింది వాళ్లమ్మ. ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది. తెల్లారకుండానే డిపోలో ఉండాలి కనక పొద్దుటి పూట ఈ వానాకాలమంతా నాన్న వాటాకే వస్తుంది.

ఆ పూట ఎలా గడుస్తుందో చెబితే పిల్లల్ని పెంచనివాళ్లు నమ్మరు. పెంచినవాళ్లేమో "మావాళ్లు ఇలా కాదమ్మా" అంటారు. ఉడికిన గుడ్డు ఒలిచేటప్పుడు తెల్లసొన కాస్త చిట్లితే చాలు, గుడ్డుకి దెబ్బ తగిలిందని ఉరుము మొదలెడతాడు. బాత్రూం లైటు తను వేద్దామనుకుంటే నాన్న వేసేశాడని ఇంకో విడత. ఆర్పి మళ్లీ వెయ్యరా అంటే వినడు, "ఆ వెలుగు అయిపోయింది" అంటాడు. చినుకు దారి వేరు. పాత చీపురు చెత్తబుట్టలో వేస్తుంటే వచ్చి నిలబడి, "ఇన్నాళ్లూ మన ఇల్లు ఊడ్చింది కదా నాన్నా, దానికి ఎవరైనా చెప్పారా, వెళ్లిపోతున్నావని?" అని అడుగుతుంది. అడగడం పూర్తయ్యేసరికి బుగ్గలు తడిసిపోయి ఉంటాయి.

మెకానిక్‌కి ఇదేం పెద్ద కష్టంగా ఉండేది కాదు. ఏ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో వెతకడమే అతని ఉద్యోగం. పదకొండో అంతస్తులో లిఫ్టు కీచుమంటే, కింద నిలబడి చెవి ఒగ్గి, అది తలుపు రోలరా, పట్టాలకి గ్రీజు అయిపోయిందా చెప్పగలడు. మేజోడు వేసుకోగానే ఉరుము ఉరిమాడంటే లోపలి కుట్టు చిటికెనవేలికి ఒత్తుకుంటోందన్నమాట. తిరగేసి తొడిగితే సరి. మాయా లేదు, మంత్రమూ లేదు.

కష్టమల్లా చుట్టుపక్కలవాళ్లతో. సలహా ఉచితంగా వచ్చేది కనక అందరూ ధారాళంగా ఇస్తారు. మందుల షాపతను ఇస్తాడు, ఎదురింటాయన ఇస్తాడు, పిల్లల్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా అత్తగారు ఇస్తుంది.

"అల్లుడుగారూ, మీరింత మెత్తగా ఉంటే వాళ్లు నెత్తికెక్కుతారు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని పెద్దలు ఊరికే అన్నారా?"

"వాడికి నాలుగేళ్లండీ అత్తయ్యా. వాణ్ణి నమ్మి ఎవరూ ఏమీ అప్పగించడం లేదు."

అత్తగారు మూతి ముడుచుకునేది, అతను నవ్వి ఊరుకునేవాడు. అలా నవ్వి ఊరుకుంటూనే ఉండుంటే బాగుండేది.

ఆ ఏడు స్కూల్లో, చినుకు క్లాసు గోడమీద ఒక చెట్టు వెలిసింది. గోధుమరంగు చార్టుతో మాను, కొమ్మలు. పైన రంగు పెన్సిళ్లతో "నవ్వుల చెట్టు" అని రాశారు. క్లాసులో ఎవరూ ఏడవకుండా రోజు గడిస్తే, బడి వదిలే ముందు టీచరు ఒక ఆకుపచ్చ కాగితం ఆకు అంటిస్తారు. ఎవరైనా ఏడిస్తే ఆ రోజుకి ఆకు లేదు. ముప్పై ఆకులు నిండితే క్లాసంతా జూకి వెళ్తారు.

చూడముచ్చటగా ఉంది కదా. మెకానిక్ కూడా మొదటిసారి చూసినప్పుడు ముచ్చటపడ్డాడు. క్లాసులో ముప్పై ఇద్దరు పిల్లలుంటే, అందులో వారానికి నాలుగైదు రోజులు ఏడిచేది ఒక్కతే ఉందని, ఆ ఒక్కతీ తన కూతురేనని అప్పుడు తట్టలేదు. బల్లకింద చీమలబారుని ఎవరో తొక్కారని ఒక ఆకు పోయింది. పక్క పిల్లాడి పెన్సిలు విరిగిందని ఇంకోటి. వెనక బెంచీవాణ్ణి టీచరు కోప్పడితే, వాడు నవ్వుతూ కూర్చున్నాడు, ఇది ఏడ్చింది. రెండో నెల సగమయ్యేసరికి చెట్టుకి తొమ్మిదే ఆకులు. పక్క సెక్షను వాళ్లు అప్పటికే జూకి వెళ్లి జిరాఫీని చూసొచ్చారు.

క్లాసు పిల్లలు దానికి "ఆకు దొంగ" అని పేరు పెట్టారు. వాళ్ల తప్పేముంది, జిరాఫీని చూడాలని ఏ పిల్లలకుండదు? తల్లిదండ్రుల ఫోను గ్రూపులో మాత్రం ఉన్నది పెద్దవాళ్లు. "ఒక్కరి వల్ల అందరి పిల్లలూ నష్టపోవడం న్యాయమేనా?" అని ఒకావిడ రాసింది. పేరు రాయలేదు. పేరు రాయకుండానే ఎవరో అందరికీ తెలిసేలా రాయడం కొందరికి పుట్టుకతో వస్తుంది. కింద పదహారు మంది బొటనవేలి బొమ్మలు పెట్టారు.

తర్వాతి వారం స్కూలు నుంచి కబురొచ్చింది. క్లాసు టీచరు చిన్నపిల్ల, మర్యాదస్తురాలు, మధ్యాహ్నానికే అలిసిపోయిన మొహం.

"మేం శిక్షించడం లేదు కదా సార్, ప్రోత్సహిస్తున్నాం," అంది. "పాప చాలా సున్నితం. ఇప్పట్నుంచే కాస్త గట్టిపడకపోతే ముందుముందు తనకే ఇబ్బంది. ఇంట్లో మీరు కూడా కొంచెం..."

ఆ "కొంచెం" దగ్గర అతను తల ఊపాడు. ఎందుకు ఊపాడో ఇప్పుడడిగితే చెప్పలేడు. కూతుర్ని దొంగ అంటున్నారు, ఆ మాట ఎలాగైనా ఆగిపోతే చాలనుకున్నాడు. చేసిన మొదటి పొరపాటు అక్కడుంది. ఆ తర్వాత చేసినది లిఫ్టు మెకానిక్ తప్ప ఇంకెవడూ చెయ్యలేని పొరపాటు.

పని నేర్చుకునే రోజుల్లో అతనికి లిఫ్టు బావి అంటే భయం. లిఫ్టు పెట్టెమీద నిలబడి, కింద పదిహేను అంతస్తుల చీకటి పెట్టుకుని పనిచెయ్యాలి. కాళ్లు వణికేవి. వాళ్ల మేస్త్రి చెప్పాడు, "నాలుక అంగిట్లో ఆనించు. మనసులో అంతస్తులు లెక్కపెట్టు. గ్రౌండు, ఒకటి, రెండు. తొమ్మిదో అంతస్తు వచ్చేలోపు భయం దిగిపోతుంది." నిజంగానే దిగిపోయేది. ఇరవయ్యేళ్లుగా అతన్ని ఆ బావిలో నిలబెట్టింది ఆ లెక్కే.

ఆ సాయంత్రం ఇంటి మెట్లమీద కూర్చోబెట్టుకుని కూతురికి దాన్ని నేర్పాడు.

"ఏడుపు వస్తోందనుకో, గొంతు దగ్గర ముడిలా తెలుస్తుంది కదా? అప్పుడు నాలుక పైన ఆనించి, గ్రౌండు నుంచి తొమ్మిది దాకా అంతస్తులు లెక్కపెట్టు."

"తొమ్మిదో అంతస్తులో దిగిపోవాలా నాన్నా?"

"దిగిపోవచ్చు."

"అప్పటికీ ఏడుపొస్తే?"

"ఇంకో అంతస్తు ఎక్కు."

అంత మంచి శిష్యురాలు ఏ మేస్త్రికీ దొరికి ఉండదు. మర్నాడు చెట్టుకి ఆకు పడింది, ఆ మర్నాడూ పడింది. పది, పదిహేను, ఇరవై. గ్రూపులో చప్పట్ల బొమ్మలు. టీచరు డైరీలో "చాలా మంచి మార్పు" అని రాసి పంపింది. అత్తగారు ఫోనులో, "చూశారా, నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అంది. మెకానిక్ కూడా పదిమందికీ చెప్పుకున్నాడు, తన కిటుకు పారిందని.

అన్నీ కనపడుతూనే ఉన్నాయి. చినుకు గౌను చేతి అంచు నములుతోంది, రెండు గౌన్లకి దారాలు లేచిపోయాయి. నిద్రలో పళ్లు కొరుకుతోంది. చెత్తబుట్టలో పాత చెప్పులు చూసి ఏమీ అడగకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. రోలరు కీచుమంటే మూడు వీధుల అవతల వినపడే మనిషికి, తన మంచంమీద పక్కన పడుకున్న పిల్ల పళ్లు కొరకడం వినపడలేదు. కాదు, వినపడింది. నులిపురుగులేమో అనుకున్నాడు.

ముప్పయ్యో ఆకు పడాల్సిన రోజు పొద్దున అతనికి పన్నెండు అంతస్తుల బిల్డింగులో పని పడింది. అక్కడి సెక్రటరీ లిఫ్టు ముందే కాపుకాసి పట్టుకున్నాడు.

"మీ బజర్‌తో చచ్చిపోతున్నామయ్యా. తొమ్మిదో మనిషి ఎక్కితే చాలు, గీ అని ఒకటే గోల. ఆఫీసు టైములో అందరికీ చిరాకు. ఆ వైరు తీసేయ్."

"బరువు ఎక్కువైతే అది మోగాలి సార్."

"ఒక్క మనిషి ఎక్కువైతే ఏమైపోతుంది?"

"ఇవాళ ఏమీ కాదు. రేపూ కాదు. బ్రేకు అరుగుతూ ఉంటుంది. ఏదో ఒక రోజు లిఫ్టు ఆగాల్సిన చోట ఆగదు, తలుపు తెరుచుకుంటుంది, ఎవరో అడుగేస్తారు. బజర్ నోరు మూస్తే బరువు తగ్గుతుందా సార్? మనకి వినపడదు, అంతే."

సెక్రటరీ కంపెనీకి ఫిర్యాదు చేస్తానన్నాడు. చేసుకోమన్నాడు మెకానిక్. తన మాట తనకే భలే నచ్చి, దారిపొడుగునా దాన్ని మనసులో మళ్లీ మళ్లీ అనుకుంటూ, మూడున్నరకి స్కూలు గేటు దగ్గరికొచ్చాడు. నర్సరీ నుంచి ఉరుము వచ్చి కాళ్లకి చుట్టుకున్నాడు. చినుకు క్లాసు వాళ్లు కేకలేస్తూ బయటికొచ్చారు. ఆకు పడిందన్నమాట.

చినుకు చివర్న వచ్చింది. మొహం సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. కుడిచెయ్యి గౌను జేబులో ఉంది.

"నేనే అంటించాను నాన్నా, ముప్పయ్యోది. టీచర్ నన్నే అంటించమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు."

"మా తల్లే," అన్నాడు. చెయ్యి చాపితే ఎడమచెయ్యి ఇచ్చింది. రోడ్డు దాటాక ఉరుము అటువైపు వచ్చి అక్క రెండో చెయ్యి పట్టుకుంటానన్నాడు. చినుకు ఇవ్వలేదు. వాడు జేబు పట్టుకుని లాగాడు. పిల్ల ఆగిపోయింది. ఏడవలేదు, అరవలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

మెకానిక్ ఆ పెదాల్ని చూశాడు. 

"లెక్కపెడుతున్నావా తల్లీ?"

తల ఊపింది.

"ఎన్నో అంతస్తు?"

"నాలుగు వందల పన్నెండు," అంది. "మధ్యలో చాలాసార్లు తప్పిపోయి మళ్లీ గ్రౌండు నుంచి మొదలెట్టాను."

అతను ఫుట్‌పాత్ మీదే మోకాళ్లమీద కూర్చుని జేబులోంచి ఆ చెయ్యి తీశాడు. మధ్యవేలు, ఉంగరపువేలు రెండింతలు ఉబ్బి ఉన్నాయి. ఒక గోరు నల్లగా, సగం లేచి ఉంది. జేబు లోపలి గుడ్డ రక్తంతో అట్ట కట్టింది.

ఎముకల డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్తుంటే సంగతంతా చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు. పదకొండు గంటల విరామంలో గాలికి క్లాసు ఇనుపతలుపు పడింది. చెయ్యి సందులో ఉంది. పిల్లలు తలుపు లాగి చెయ్యి బయటికి తీశారు. టీచరు స్టాఫు రూములో ఉంది.

"మరి ఎవరూ చెప్పలేదా అమ్మా?"

"అందరూ నా చుట్టూ నిలబడ్డారు నాన్నా. ఏడవకు ప్లీజ్, ఇవాళ ముప్పయ్యోది, ప్లీజ్ అన్నారు. ఒకమ్మాయి తన రబ్బరు ఇచ్చేసింది. ఒకబ్బాయి నా సంచి మోశాడు." ఎడమచేత్తో గౌను సర్దుకుని, "నాతో ఎప్పుడూ ఎవరూ అంత మంచిగా లేరు," అంది.

 మధ్యాహ్నమంతా పిల్ల ఒక్క అక్షరం రాయకపోతే టీచరు "పోనీలే ఇవాళ" అందట. ఎడమచేత్తో ఆకు అంటిస్తుంటే "ఆ చెయ్యేంటి" అనైనా అడగలేదట. ముప్పై ఇద్దరి మొహాలు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా చూసే మనిషి, మొహాలు నవ్వుతున్నాయా లేదా అని చూసిందే కానీ, చేతులు చూడలేదు.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, మెకానిక్‌ని చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "పదకొండింటికి దెబ్బ తగిలితే సాయంత్రం తెస్తారా? వేలు చివర ఎముక నలిగింది. గోరు మళ్లీ సరిగ్గా వస్తుందో రాదో. చివర కాస్త వంకర ఉండిపోవచ్చు. మీరేం తండ్రండీ?"

న్యాయమైన ప్రశ్నే.  వేళ్ల మొదట్లో రెండు మత్తుసూదులు పొడిచారు. చినుకు పైకప్పు వైపు చూస్తూ పెదాలు కదిపింది. నర్సు మురిసిపోయింది.

"అబ్బ, ఎంత ధైర్యం. చుక్క నీరు రాలేదు చూడండి. ఇదిగో నీకు నక్షత్రం స్టిక్కరు."

"ఇవ్వకండి," అన్నాడు మెకానిక్.  "దయచేసి మెచ్చుకోకండి. మీకు దణ్ణం పెడతాను."

నర్సు బిత్తరపోయి స్టిక్కరు వెనక్కి తీసుకుంది.

ఇంటికొచ్చాక అతను కూతుర్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడు ఏడవచ్చు తల్లీ. ఇల్లు కదా. ఇక్కడ చెట్టు లేదు."

"రావట్లేదు నాన్నా," అంది. మొండికెయ్యడం లేదు, వెతికి చూసి చెప్పినట్టే చెప్పింది.

అక్క కట్టు చూసి ఉరుము పెదవి విరిచాడు, ఛాతీ నిండా గాలి పీల్చాడు. చినుకు ఎడమచెయ్యి వాడి నోటికి అడ్డం పెట్టి, "నాలుక పైన ఆనించు. గ్రౌండు, ఒకటి, రెండు," అని చెప్పింది. వాడు రెండు చేతుల్తో నోరు మూసుకున్నాడు. గుడ్డు చిట్లితే వీధి దద్దరిల్లించే పిల్లాడు, మొహం ఎర్రగా కందిపోయి, కళ్లు పెద్దవి చేసుకుని, చప్పుడు లేకుండా నిలబడ్డాడు. అది చూసినప్పుడు మెకానిక్‌కి భయం వేసింది. వేలు వంకర పోతే పోయింది. ఈ నోళ్లు ఇలాగే మూసుకుపోతే, రేపు ఏ తలుపులో ఏం పడినా తమకి తెలిసే దారేది?

డ్యూటీ దిగొచ్చిన వాళ్లమ్మ యూనిఫాం కూడా మార్చుకోకుండా కట్టు చూసింది, కథంతా విన్నది. ఆవిడ అరిచే మనిషి కాదు. రోజంతా హారన్లు విని విని ఇంట్లో గొంతు పెంచదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు," అంది. "మనం ఆకుల కోసం పిల్ల చెయ్యి కాల్చాం. మీరు నేర్పారు, నేను పక్కన నిలబడి మురిసిపోయాను. వెళ్లి చెప్పండి రేపు. వాళ్లకి చెప్పండి, మీరూ చెప్పుకోండి."

మర్నాడు కట్టుతోనే చినుకు స్కూలుకి తయారైంది. జూకి ఎప్పుడు తీసుకెళ్తారో ఇవాళ చెబుతారట. మెకానిక్ ఇద్దర్నీ తీసుకుని సరాసరి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. ప్రిన్సిపాల్ మేడమ్ కట్టు చూసి నొచ్చుకుంది. నొచ్చుకుంటూనే కుర్చీలో సర్దుకుంది.

"చాలా బాధాకరం. తలుపుకి ఇవాళే స్టాపరు పెట్టిస్తున్నాం. కానీ పాప ఎవరికీ చెప్పలేదు కదండీ. అడగందే అమ్మైనా పెట్టదంటారు. చెబితే క్షణాల్లో చూసుకునేవాళ్లం."

"అడిగే నోటికే కదా మేడమ్ మీరు ఆకు అంటించింది," అన్నాడు.

"అదొక ప్రోత్సాహక పద్ధతి. మిగతా ముప్పై ఒక్కమంది బాగానే ఉన్నారు."

"ముప్పై ఒక్కమందీ రక్తం కారుతున్న పిల్ల చుట్టూ నిలబడి ఏడవకమ్మా అని బతిమాలారు. ఏడేళ్లవాళ్లు. ఒక్కరు కూడా మీ దగ్గరికి పరిగెత్తి రాలేదు. దాన్ని మీరు బాగానే ఉండటం అంటారా?"

మేడమ్ బల్లమీద పెన్ను ఇటుది అటు పెట్టింది. గోడ గడియారం చూసింది. "మీరిప్పుడు ఏం కోరుకుంటున్నారు?"

"ఆ క్లాసులో అయిదు నిమిషాలు. తప్పు చెప్పింది మీరొక్కరే కాదు. నేనూ చెప్పాను. చెప్పిన చోటే చెరిపెయ్యాలి."

ఇవ్వకపోతే ఈ మనిషి ఎక్కడెక్కడికి వెళ్తాడో అనుకుందో ఏమో, ఇచ్చింది. వెనకాలే తనూ వచ్చింది.

క్లాసు టీచరు కట్టు చూసి గుమ్మంలోనే గోడకి ఆనుకుంది. చినుకు వెళ్లి తన చోట కూర్చుంది. మెకానిక్ పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి, పిల్లలు కిసుక్కుమన్నారు. ఉరుము గుమ్మం దగ్గర వేలు చప్పరిస్తూ నిలబడ్డాడు. గోడమీద ముప్పై ఆకుల చెట్టు నిండుగా ఉంది.

"నేను లిఫ్టులు బాగుచేస్తాను," అన్నాడు. "జనం ఎక్కువైతే లిఫ్టులో గీ అని మోగుతుంది. విన్నారా ఎప్పుడైనా?"

చాలామంది విన్నారు.

"మోగితే ఏం చెయ్యాలి?"

"ఒకళ్లు దిగాలి," అన్నారు పిల్లలు.

"దిగకుండా, ఆ మోగేదాని వైరు కోసేస్తే?"

"చప్పుడుండదు," అన్నాడు ముందు బెంచీవాడు. తర్వాత కాస్త ఆలోచించి, "కానీ బరువుంటుంది కదా," అన్నాడు.

"ఉంటుంది నాన్నా." ఇంత చిన్నవాడికి ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. "నేను ఇరవయ్యేళ్లలో ఏ లిఫ్టుకీ ఆ వైరు కొయ్యలేదు. ఎవరు తిట్టినా కొయ్యలేదు. మా అమ్మాయికి మాత్రం..."

అక్కడ గొంతు పట్టేసింది. అలవాటుకొద్దీ నాలుక అంగిట్లోకి వెళ్లింది. గ్రౌండు, ఒకటి అనుకోబోయాడు. కూతురు తననే చూస్తోంది, తన నోటినే చూస్తోంది. నాలుక కిందికి వదిలేశాడు. ముప్పై ఇద్దరు పిల్లల ముందు, టీచరు ముందు, గడియారం చూసే మేడమ్ ముందు, బుల్లి కుర్చీలో కూర్చుని నలభై మూడేళ్ల మనిషి ఏడ్చాడు. ముక్కు కూడా కారింది.

"మా అమ్మాయికి నేనే నేర్పాను," అన్నాడు ఏడుస్తూనే. "తప్పు నేర్పాను. దెబ్బ తగిలితే ఏడవాలి. పక్కవాళ్లకి తగిలితే పరిగెత్తుకెళ్లి చెప్పాలి. అందుకు ఏ ఆకు పోయినా పోనివ్వాలి."

క్లాసంతా బిగుసుకుపోయింది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, పాపం నిజంగానే కంగారుపడి, నెమ్మదిగా అడిగింది.

"టీచర్, అంకుల్ ఏడుస్తున్నారు. ఇవాళ ఆకు తీసెయ్యాలా?"

టీచరు నోరు తెరిచింది. మేడమ్ వైపు చూసింది. ఇద్దరిలో ఎవరూ ఏమీ అనేలోపే చినుకు లేచి నిలబడింది. ఆ పిల్లకి కోపం రావడం మెకానిక్ అంతకుముందు చూడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కట్టుకట్టిన చెయ్యి ముందుకి చాపి ఆ చెట్టుని చూపించింది.

"తీసెయ్యండి," అంది. "అన్నీ తీసెయ్యండి. మా నాన్న ఏడుస్తారు. ఆయనిష్టం."

అని తండ్రి దగ్గరికి నడిచొచ్చింది. రెండు బెంచీలు దాటేసరికి గడ్డం వణకడం మొదలైంది. పెదాలు లెక్కపెట్టడం లేదు.

"నాన్నా," అంది, "నొప్పిగా ఉంది."

నిన్న పదకొండు గంటలప్పుడు రావాల్సిన ఏడుపు అప్పుడొచ్చింది. అది చినుకుల మాదిరి లేదు. కిటికీ అద్దాలు గీమన్నాయి, పక్క సెక్షనులో పాఠం ఆగింది, గుమ్మం దగ్గర ఉరుము వేలు నోట్లోంచి తీసి అక్కతో గొంతు కలిపాడు. మేడమ్ చెయ్యెత్తి ఏదో చెప్పబోయింది కానీ ఎవరికీ వినపడలేదు. మెకానిక్ ఇద్దర్నీ చెరో మోకాలిమీద కూర్చోబెట్టుకున్నాడు.

"ఎక్కడ తల్లీ?" అని అడిగాడు. "ఎక్కడ నొప్పో చెప్పు."